ఇంటి గదిలో పుట్టిన పాట

ఈ పాఠం గురించి

పాట వినిపించని ఊరు ఉండదు. నాట్లు వేసే పొలంలో, కుట్టుమిషను పక్కన, బస్సులో, పెళ్లిపందిట్లో ఎక్కడో ఒకచోట పాట వినిపిస్తూనే ఉంటుంది. మనకు బాగా తెలిసినవి సినిమా పాటలు. సినిమా పాటకు ఒకరు మాటలు రాస్తారు, మరొకరు బాణీ కడతారు, ఇంకొకరు పాడతారు. ఇలా కాకుండా పాటను తామే రాసుకొని, బాణీ కట్టుకొని, తామే పాడేవారు కూడా ఉన్నారు. అలాంటి ఒక యువ గాయని గురించి ఈ పాఠంలో చదువుతారు. ఆమె పేరు బిల్లీ ఐలిష్. ఊరు అమెరికాలోని లాస్ ఏంజెలిస్.

ఎక్కడో ఉన్న అమెరికా అమ్మాయి గురించి మనకెందుకు అనిపించవచ్చు. ఈమె బడికి వెళ్లి చదువుకోలేదు, ఇంట్లోనే చదువుకొన్నది. బడి గోడల బయట చదువుతున్న మీకు ఈమె చదువు ఎలా సాగిందో తెలుసుకోవాలని ఉంటుందని ఈ పాఠాన్ని ఎంచుకొన్నాం.

పాఠం పూర్తిచేసిన తరువాత మీరు ఒక వ్యక్తి జీవిత విశేషాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు. వ్యాసంలో జరిగిన విషయమేదో, రచయిత అభిప్రాయమేదో వేరుచేసి గుర్తించగలుగుతారు. జశ్త్వ సంధి జరిగిన పదాలను విడదీయగలుగుతారు. పాఠాన్ని ఒకేసారి చదవనవసరం లేదు. ఇంటిపని, కూలిపని ముగిశాక రోజుకొక భాగం చదివినా సరిపోతుంది. పక్కన పెన్సిలు ఉంచుకోండి. సంవత్సరం కనిపించిన ప్రతిచోటా కింద గీత గీయండి. తరువాత పనికివస్తుంది.

1. ఇల్లే బడి

బిల్లీ 2001 డిసెంబరు 18న పుట్టింది. అన్న ఫినియస్ ఆమెకంటే నాలుగేళ్లు పెద్ద. తల్లి మ్యాగీ బేర్డ్, తండ్రి పాట్రిక్ ఓకానెల్ ఇద్దరూ నటులు. హాలీవుడ్ ఉన్న నగరంలోనే ఉన్నా వారు పెద్ద తారలు కారు. దొరికిన చిన్న వేషాలు వేస్తూ, వేరే పనులు కూడా చేసుకొంటూ సంసారం నడిపినవారు. హైలాండ్ పార్కు అనే పేటలో వారి ఇల్లు. పడకగదులు రెండే. పిల్లలిద్దరికీ చెరొక గది ఇచ్చి, తల్లిదండ్రులు ముందు హాలులో పడుకొనేవారు.

ఇద్దరు పిల్లల్నీ బడిలో చేర్చలేదు. అమెరికాలో తల్లిదండ్రులే ఇంట్లో చదువు చెప్పుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. ఈ ఇంట్లో లెక్కలతో, భాషతో పాటు సంగీతం కూడా చదువులో భాగమే. హాలులో పియానో ఉండేది. బిల్లీ ఎనిమిదేళ్ల వయసులో లాస్ ఏంజెలిస్ పిల్లల బృందగాన సంఘంలో చేరింది. పదిమందితో కలిసి పాడేటప్పుడు తన గొంతు ఒక్కటే పైకి వినిపించకూడదు. పక్కవారి స్వరం వింటూ పాడాలి, ఊపిరిని పొదుపుగా వాడాలి. గొంతు పాడుచేసుకోకుండా పాడడం అక్కడే నేర్చుకొన్నానని ఆమె తరువాత చెప్పింది.

తల్లి పిల్లలకు పాట రాయడం నేర్పే తరగతి కూడా నడిపింది. మన పాఠాలలో 'ఇంటిపని' ఇస్తాం కదా, అలాగే ఆమె కూడా ఇచ్చింది. ఏదైనా ఒక టీవీ ధారావాహికనో సినిమానో చూసి, అందులో మనసుకు తగిలిన మాటలు రాసుకొని, వాటితో పాట అల్లాలి. పదకొండేళ్ల బిల్లీ 'ద వాకింగ్ డెడ్' అనే ధారావాహికను ఎంచుకొన్నది. చచ్చినవారు లేచి తిరిగే కథ అది. అందులోని సంభాషణల ముక్కలు, భాగాల శీర్షికలు ఏరుకొని పాట కట్టింది. ఆమె రాసిన మొదటి సరైన పాట ఇదే. ఇతరుల మాటలు ఏరుకొని ప్రారంభించడం దొంగతనం కాదా అని మీరు అడగవచ్చు. అభ్యాసానికి అదొక మెట్టు. పిల్లలు రాత నేర్చేటప్పుడు అక్షరాలపై దిద్దరా!

ఒక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. ఇంట్లో చదువు అన్నంత మాత్రాన మీ చదువూ ఆమె చదువూ ఒకటే అయిపోవు. ఆమెకు నేర్పడానికి తీరిక ఉన్న తల్లి, వాయిద్యాలు తెలిసిన తండ్రి, తోడుగా పాటలు కట్టే అన్న ఉన్నారు. పగలంతా పనిచేసి రాత్రి దీపం దగ్గర పుస్తకం తెరిచే అభ్యాసకురాలికి ఇవేవీ ఉండకపోవచ్చు. కష్టపడితే ఎవరైనా అంతటివారు కావచ్చునని తేలికగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కాని నేర్చినదాన్ని వెంటనే ఒక పనిలో పెట్టి చూసే ఆ ఇంటి అలవాటు ఖర్చు లేనిది. అది ఎవరింట్లోనైనా సాధ్యమే.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు
అ) బిల్లీ మొదటి పాట రాయడానికి కారణం ఏమిటి?
ఆ) బృందగానంలో గాయకులు ముఖ్యంగా ఏమి పాటించాలి?

2. నృత్యం కోసం అడిగిన పాట

పన్నెండు, పదమూడేళ్ల వయసులో బిల్లీకి గాయని కావాలన్న ఆలోచన బలంగా లేదు. ఆమె ధ్యాస అంతా నృత్యం మీద ఉండేది. 2015లో ఆమెకు నృత్యం నేర్పే గురువు, తాను కూర్చబోయే నృత్యానికి ఒక పాట కావాలని అడిగారు. అప్పటికే ఫినియస్ తన వాద్యబృందం కోసం 'ఓషన్ ఐస్' అనే పాట రాసి ఉంచాడు. చెల్లెలి గొంతుకు అది బాగుంటుందని తోచి ఆమె చేత పాడించాడు. రికార్డు చేసింది తన పడకగదిలోనే.

ఈ వివరాన్ని జాగ్రత్తగా గమనించండి. ఆమెకు పేరు తెచ్చిన మొదటి పాట ఆమె రాసింది కాదు, అన్న రాసింది. 'అన్నీ తానే' అని పత్రికలు రాసినప్పుడు ఈ సంగతి మరుగున పడిపోతుంది. తరువాతి పాటలలో ఎక్కువ భాగం అన్నాచెల్లెళ్లు కలిసి రాసినవే.

ఆ పాటను 2015 నవంబరు 18న 'సౌండ్‌క్లౌడ్' అనే చోట ఉంచారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా తమ పాటను ఉచితంగా ఉంచి, ఇతరులకు వినిపించే వేదిక అది. గురువు పాటను అక్కడినుంచి దించుకొంటారన్నదే ఉద్దేశం. కాని గురువు ఒక్కరే విని ఊరుకోలేదు. పాటను విన్నవారు ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరు మరొకరికి చెప్పారు. కొద్ది వారాలలో అది లక్షలసార్లు వినబడింది. బిల్లీకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది.

ఆ తరువాత కొంతకాలానికే నృత్యం చేస్తుండగా ఆమె తుంటి దగ్గర దెబ్బ తగిలింది. ఎదిగే పిల్లలకు ఎముక పెరిగే చోట మెత్తటి భాగం ఉంటుంది. అది చీలింది. నృత్యం మానుకోక తప్పలేదు. పాట ఆమెకు దక్కిన సమయమూ, నృత్యం పోయిన సమయమూ దాదాపు ఒకటే. పాట ఒక సదవకాశం అని ఇప్పుడు మనం అనగలం. నెలల తరబడి మంచం మీద ఉండిపోయిన పిల్లకు అప్పుడు అలా అనిపించి ఉండదు.

2016లో డార్క్‌రూమ్, ఇంటర్‌స్కోప్ అనే రికార్డు సంస్థలు ఆమెతో ఒప్పందం చేసుకొన్నాయి. 2017 ఆగస్టులో కొన్ని పాటలతో ఒక చిన్న సంపుటి వచ్చింది. పేరు 'డోంట్ స్మైల్ ఎట్ మీ'. పెద్ద ఆల్బం రావడానికి 2019 మార్చి 29 దాకా ఆగవలసి వచ్చింది. దాని పేరు 'వెన్ వి ఆల్ ఫాల్ అస్లీప్, వేర్ డు వి గో?'. నిద్రపోయాక మనం ఎక్కడికి పోతామన్నది ఆ పేరులోని ప్రశ్న. అమెరికా ఆల్బంల పట్టికలో అది మొదటి స్థానానికి చేరింది. 2000 తరువాత పుట్టినవారిలో ఆ స్థానం అందుకొన్న మొదటి కళాకారిణి ఆమె. అదే ఏడాది ఆగస్టులో అందులోని 'బ్యాడ్ గై' పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. అంతకు ముందు లిల్ నాస్ ఎక్స్ పాడిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 19 వారాలు ఆ స్థానంలో కూర్చొని ఉంది.

ఇప్పుడు మీరు గీత గీసిన సంవత్సరాలు చూడండి. మొదటి పాట 2015, మొదటి పెద్ద ఆల్బం 2019. 'రాత్రికి రాత్రే తార అయింది' అని చాలామంది అన్నారు. లెక్క వేస్తే ఆ రాత్రి పొడవు దాదాపు మూడున్నర ఏళ్లు!

3. గొంతు చిన్నదైతేనేం

మైకులు లేని రోజులలో మన పద్యనాటకాల నటులు చివరి వరుసలో కూర్చొన్నవారికి సైతం వినబడేలా రాగం తీసేవారు. గొంతు పెద్దగా ఉండడమే అప్పుడు గొప్ప. మైకు వచ్చాక ఆ అవసరం తగ్గింది. బిల్లీ పాట విన్నవారికి మొదట ఆశ్చర్యం కలిగించేది ఆమె గొంతు ఎంత చిన్నగా ఉంటుందన్నదే. చెవి దగ్గర గుసగుసలాడినట్లు పాడుతుంది. మైకుకు నోరు బాగా దగ్గరగా పెట్టి మెల్లగా పాడితే ఊపిరి చప్పుడు, పెదవుల కదలిక కూడా రికార్డవుతాయి. అలా పాడినవాటిని ఒకదానిపై ఒకటి పొరలుగా పేర్చితే చిన్న గొంతే నిండుగా వినిపిస్తుంది. ఒక వాక్యాన్ని పదేపదే పాడి, అందులో బాగున్న ముక్కలను ఏరి అతికించడం ఆ అన్నాచెల్లెళ్ల పద్ధతి. ఇది చీర నేయడం కంటే తక్కువ ఓపిక కోరే పని కాదు.

పెద్ద స్టూడియోలలో గోడలకు మెత్తటి పలకలు అతికించి బయటి చప్పుడు రాకుండా చేస్తారు. 2019 ఆల్బంలో ఎక్కువ భాగం ఫినియస్ గదిలో, మంచం పక్కనే ఉన్న కంప్యూటరు మీద తయారైంది. చప్పుడును అడ్డుకోలేనప్పుడు వారు దాన్నే వాడుకొన్నారు. ఆస్ట్రేలియాలో రోడ్డు దాటేవారి కోసం మోగే సంకేతాన్ని బిల్లీ ఫోనులో పట్టుకొన్నది. 'బ్యాడ్ గై'లో ఆ టకటక వినిపిస్తుంది. పంటి వైద్యుడు వాడే యంత్రం గీరుడు 'బరీ ఎ ఫ్రెండ్' అనే పాటలో ఉంది. రోట్లో రోకలి పోటుకు, మగ్గం చప్పుడుకు పాట కట్టిన మన పల్లెవారికి ఈ ఆలోచన కొత్త కాదు. సాధనాలే మారాయి.

పాఠ్యాంతర్గత ప్రశ్న
ఇ) చిన్న గొంతు నిండుగా వినిపించడానికి వారు ఏమి చేశారు? రెండు వాక్యాలలో రాయండి.

4. పేరు వచ్చాక

2020 జనవరి 26న లాస్ ఏంజెలిస్‌లో గ్రామీ బహుమతుల సభ జరిగింది. అమెరికా సంగీత రంగంలో అన్నింటికంటే గౌరవంగా చూసే బహుమతులివి. వాటిలో నాలుగు ముఖ్యమైనవి: ఆ ఏటి ఆల్బం, ఆ ఏటి రికార్డింగు, ఆ ఏటి పాట, ఆ ఏటి కొత్త కళాకారులు. ఈ నాలుగూ ఒకే రాత్రి ఒకరికే రావడం అంతకు ముందు ఒక్కసారే జరిగింది. 1981లో క్రిస్టఫర్ క్రాస్ అనే గాయకునికి వచ్చాయి. 2020లో బిల్లీకి వచ్చాయి. మరొక బహుమతితో కలిపి మొత్తం ఐదు. ఆమెకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. నాలుగూ ఒకే రాత్రి అందుకొన్న మొదటి మహిళ ఆమె. వేదిక మీద ఫినియస్ మాట్లాడుతూ, ఇళ్లలో తమ పడకగదులలో కూర్చొని పాటలు కడుతున్న పిల్లలకు ఆ బహుమతిని అంకితం చేశాడు.

ఇక్కడితో ఆపితే కథ తీపిగా ఉంటుంది. కాని కీర్తికి బరువు కూడా ఉంది. బిల్లీకి టూరెట్ సిండ్రోమ్ అనే నాడీ సంబంధమైన స్థితి ఉంది. కండ్లు, తల, మెడ తన ప్రమేయం లేకుండా కదులుతుంటాయి. ఆమె మాట్లాడుతుండగా అలా కదిలిన దృశ్యాలను కొందరు ఏరి, ఒకచోట చేర్చి నవ్వులాటకు తిప్పారు. 2018లో ఆమె స్వయంగా ఈ విషయం బయటపెట్టింది. తన దేహం గురించి ఎవరూ వ్యాఖ్యానించకూడదని చాలాకాలం వదులైన దుస్తులే వేసుకొన్నానని కూడా చెప్పింది. పేరు పెరుగుతున్న ఆ రోజులలోనే ఆమె తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనైంది. దాన్ని దాచుకోకుండా 2020లో ఒక టీవీ సంభాషణలో వివరించింది. పర్యటనలలో తల్లిదండ్రులు, అన్న వెంట ఉన్నారు. 2021లో వచ్చిన 'ద వరల్డ్స్ ఎ లిటిల్ బ్లర్రీ' అనే డాక్యుమెంటరీలో ఆ అలసట, కాళ్ల నొప్పులు, తల్లి ఆదుర్దా అన్నీ కనిపిస్తాయి.

ఎదిగే వయసులో ఉన్న పిల్లలకు అంత జగద్విఖ్యాతి మంచిదేనా? నా మట్టుకు నాకు సందేహమే. చుట్టూ వేలమంది కేకలు వేస్తుంటే, తప్పు చేసి దిద్దుకోవడానికి చోటు ఉండదు. ఆమె నిలదొక్కుకోవడానికి కారణం అభిమానుల సంఖ్య కంటే ఇంట్లో ఉన్న ముగ్గురేనని నేను అనుకొంటాను. మీ అభిప్రాయం వేరుగా ఉండవచ్చు. అభ్యాసంలో దానికి చోటు ఇచ్చాం.

తరువాతి సంగతి మనకు దగ్గరగా వస్తుంది. జేమ్స్‌బాండ్ చిత్రం 'నో టైమ్ టు డై' కోసం అన్నాచెల్లెళ్లు రాసిన పాటకు 2022లో ఉత్తమ పాటగా ఆస్కారు వచ్చింది. 'బార్బీ' చిత్రానికి రాసిన పాటకు 2024లో మళ్లీ వచ్చింది. అప్పటికి బిల్లీకి ఇరవైరెండేళ్లు. అంత చిన్న వయసులో రెండు ఆస్కార్లు పొందినవారు అంతకుముందు లేరు. మరి మధ్యలో 2023లో ఆ బహుమతి ఎవరికి వచ్చింది? 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు! సంగీత దర్శకుడు కీరవాణి, రచయిత చంద్రబోస్ ఆ బహుమతి అందుకొన్నారు. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పేర్ల మీద బహుమతి ఎందుకు లేదని అప్పట్లో చాలామంది అడిగారు. ఆ బహుమతి పాట రాసి, బాణీ కట్టినవారికే ఇస్తారు. బిల్లీకి రెండుసార్లు వచ్చింది కూడా పాడినందుకు కాదు, రాసినందుకే.

5. భాషాంశం: వాగ్గేయకారులు

తన పాటకు మాటలు, రాగం రెండూ తానే కూర్చేవారికి తెలుగులో ఎప్పటినుంచో ఒక పేరుంది: వాగ్గేయకారుడు. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య ఈ కోవకు చెందినవారు. స్త్రీలలో తరిగొండ వెంగమాంబను తప్పక చెప్పుకోవాలి. బిల్లీని వాగ్గేయకారిణి అనవచ్చా? పదానికి ఉన్న అర్థం ప్రకారం అనవచ్చు. కాని ఆ మాట వినగానే మనకు తంబురా, భక్తి, కీర్తన తోస్తాయి. మాటలు అర్థాన్నే కాక అలవాటును కూడా మోస్తాయి. అందుకే ఈ పాఠంలో 'గాయని' అన్న మాటే వాడాం.

ఈ పదం ఎలా ఏర్పడిందో చూడండి.

వాక్ + గేయం = వాగ్గేయం

మొదటి పదం చివర ఉన్న 'క్' స్థానంలో 'గ్' వచ్చింది. ఇలాగే 'త్' స్థానంలో 'ద్' వస్తుంది. సత్ + భావం = సద్భావం. దిక్ + అంతం = దిగంతం. క, చ, ట, త, ప అనే పరుషాలకు వరుసగా గ, జ, డ, ద, బ అనే సరళాలు రావడమే జశ్త్వ సంధి. తరువాత వచ్చేది అచ్చుగానీ, గ, ద, భ వంటి హల్లుగానీ, య, వ, ర వంటివిగానీ అయి ఉండాలి. 'వాఙ్మయం' అన్న మాటలో మాత్రం 'గ్' రాలేదు, గమనించారా? తరువాత 'మ' ఉంది కాబట్టి అక్కడ వేరొక సంధి జరిగింది. దాని పేరు అనునాసిక సంధి. ఇప్పటికి పేరు తెలిస్తే చాలు.

అభ్యాసం

1. పాఠంలో 'సదవకాశం', 'జగద్విఖ్యాతి' అనే పదాలు ఎక్కడ ఉన్నాయో వెతికి, విడదీసి రాయండి.

2. కింది వాక్యాలలో జరిగిన విషయం ఏది, రచయిత అభిప్రాయం ఏది?
క) 'ఓషన్ ఐస్' పాటను ఫినియస్ రాశాడు.
ఖ) ఆమె నిలదొక్కుకోవడానికి కారణం ఇంట్లో ఉన్న ముగ్గురే.
గ) 1981లో క్రిస్టఫర్ క్రాస్‌కు నాలుగు ముఖ్యమైన గ్రామీలు వచ్చాయి.

3. చిన్న వయసులో పెద్ద పేరు రావడం మేలా, కీడా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి. పాఠంలోని రెండు విషయాలనైనా ఆధారంగా చూపండి. రచయిత మాటకు తలూపనవసరం లేదు.

4. బిల్లీకి తల్లి ఇచ్చిన ఇంటిపనే మీకూ ఇస్తున్నాం. ఈ వారం మీరు విన్న మాటలు, అంగట్లోవి, బస్సులోవి, ఇంట్లోవి ఓ ఇరవై కాగితం మీద రాసుకోండి. వాటితో నాలుగు చరణాల పాట అల్లండి. బాణీ మీకు తెలిసిన ఏ పల్లెపాటదైనా కావచ్చు. అధ్యయన కేంద్రంలో తరగతి ఉన్న రోజు తోటి అభ్యాసకులకు వినిపించండి. పాడడానికి సిగ్గయితే చదివి వినిపించినా చాలు.

జవాబులు సరిచూసుకోండి

అ) పాట రాయడం నేర్పే తరగతిలో తల్లి ఇచ్చిన ఇంటిపని. ఆ) పక్కవారి స్వరం వింటూ, తన గొంతు ఒక్కటే పైకి వినిపించకుండా, ఊపిరిని పొదుపుగా వాడుతూ పాడాలి. ఇ) మైకుకు బాగా దగ్గరగా మెల్లగా పాడి రికార్డు చేశారు. అలా పాడినవాటిని పొరలుగా పేర్చారు.

అభ్యాసం 1: సత్ + అవకాశం (రెండవ భాగం), జగత్ + విఖ్యాతి (నాలుగవ భాగం). అభ్యాసం 2: క, గ జరిగిన విషయాలు; ఖ అభిప్రాయం. 'అని నేను అనుకొంటాను' అన్న మాటలు పాఠంలో ఉన్నా, ఇక్కడి వాక్యంలో తీసివేశాం. అందుకే మొదటిసారి తప్పు రాసి ఉంటే, పాఠంలోని వాక్యాన్ని మళ్లీ చదివి రెండింటినీ పోల్చండి. 3, 4 ప్రశ్నలకు జవాబులు మీ అధ్యయన కేంద్రంలో చూపించండి.